తప్పు దయ్యానిదే కానీ

మా మేనకోడలు బాలింత. పోయినవారం చూడబోతే పసిగుడ్డు మొలతాడుకు కొండగట్టు తాయెత్తు, తల్లి తలాపున కొడవలి, గడపకు యాపమండ. తాయెత్తుల మీద నా గొడవ ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్తది కాదు. నేను నోరు తెరవకముందే మా అక్క అందుకుంది: “నీ సదువు నీ కాడ వెట్టుకో తమ్మీ. గాలి సోకినంక పేపర్ల రాస్తే పిల్ల బతుకుతదా?”

ఈ గాలి ఎప్పుడూ ఆడదే కావడం నా రెండో గొడవ. కామిని అంటారు, పురిట్లో పోయిన ఫలానా ఆమె అంటారు. అంజన్న సేవలో 40 రోజులుంటే దిగిపోతుందని కొండెక్కించే దయ్యాల్లో మగవాటి పేరు నేను పెద్దగా వినలేదు.

యూదులకైతే లిలిత్ ఉంది. బెన్ సీరా పేరిట మధ్యయుగాల్లో వచ్చిన పుస్తకంలో ఆదాముకు హవ్వ కంటే ముందు పెండ్లాం ఆమే. ఇద్దరినీ ఒకే మట్టితో చేసినప్పుడు నేనెందుకు కింద పడుకోవాలని ఎదురుతిరిగి, దేవుడి నామం పలికి ఎగిరిపోయింది. ముగ్గురు దేవదూతలు సముద్రం దాకా వెంటపడ్డా రానంది. మగపిల్లలు 8 రోజులు, ఆడపిల్లలు 20 రోజులు తన చేతిలో ఉంటారంది. ఆ ముగ్గురి పేర్లున్న తాయెత్తు కనిపిస్తే మాత్రం ముట్టనని ఒట్టేసింది. సమానం అడిగిన పాపానికి పిల్లల్ని చంపే దయ్యమైంది! అంతకుముందే మెసపొటేమియాలో ఆమెను కట్టడి చేసే మంత్రాలు మట్టిగిన్నెల లోపల చుట్లు చుట్లుగా రాసి, ఇంటి నేలలో బోర్లించి పాతిపెట్టేవాళ్లు. నిప్పూర్ తవ్వకాల్లో బయటపడ్డాయవి.

8 రోజులు, 20 రోజులు. మన దగ్గర 21వ రోజు తొట్టెల. నాకైతే ఈ లెక్కల వెనక బొడ్డు కోసిన కత్తి కనిపిస్తుంది. దాని మురికితో వచ్చే ధనుర్వాతం సాధారణంగా మూడో రోజుకూ పద్నాలుగో రోజుకూ మధ్య బయటపడుతుంది. నిన్నటిదాకా పాలు తాగిన పిల్ల దవడ బిగుస్తుంది, ఒళ్లు విల్లులా వంగుతుంది. చూసే తల్లికి ఎవరో పట్టుకున్నారనే అనిపిస్తుంది. గర్భిణులకు సూదులు, ఆస్పత్రి కాన్పులు వచ్చాక ఆ పీడ దాదాపు వదిలింది. మన దేశంలో అది అదుపులోకొచ్చిందని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఒప్పుకుంది.

అయితే తాయెత్తు తెంపెయ్యాలనే కదా? అది రాద్దామనే కూర్చున్నాను. కానీ ఇదే కరీంనగర్ పల్లెల్లో బాణామతి పేరుతో మనుషుల పళ్లు ఊడగొట్టారు, తగలబెట్టారు. పిల్ల పోతే పక్కింటి ముసలామె కళ్లే తగిలాయన్నవాళ్లు నాకు తెలుసు. సముద్రంలో ఉన్న లిలిత్‌నో, చింతచెట్టు మీది కామినినో తిట్టుకుంటే ఏ ఆడమనిషి మీదా దెబ్బ పడదు. సూదులు వేయించినంత కాలం ఆ మొలతాడు జోలికి నేను పోను. ఫలానా ఇంటామెదే చేతబడి అని వేలు చూపించే భూతవైద్యుణ్ని మాత్రం ఠాణాలో పట్టియ్యాలె.