'తారిఖ్' అంటే పల్సారేనా? ఒక వ్యాఖ్యాన పరిశీలన

దివ్య ఖుర్ఆన్ 86వ సూరాలోని 'తారిఖ్' అనే పదానికి పల్సార్ అని అర్థం చెప్పే వ్యాఖ్యానమొకటి కొన్ని దశాబ్దాలుగా ప్రచారంలో ఉన్నది. తట్టుట అనే అర్థంగల ధాతువు నుండి ఈ పదం పుట్టినది. పల్సార్ సంకేతాలు తలుపు తట్టినట్లు వినిపిస్తాయి. కావున రెండూ ఒకటే అని ఆ వాదం. సదుద్దేశంతో చేసినదే అయినా ఇది పరీక్షకు నిలువదు.

మొదట శాస్త్ర విషయం చూద్దాం. క్రాబ్ నీహారిక 1054లో కనిపించిన సూపర్‌నోవా అవశేషం. దాని నడుమనున్న పల్సార్‌ను 1968లో కనుగొన్నారు. 1969 జనవరిలో కాక్, డిస్నీ, టేలర్ అనే శాస్త్రజ్ఞులు దాని కాంతి స్పందనలను గుర్తించారు. అది సెకనుకు దాదాపు 30 సార్లు తిరిగే న్యూట్రాన్ తార. ఆ భ్రమణం వల్ల దాని ప్రబల అయస్కాంత క్షేత్రంలో విద్యుత్ బలాలు పుట్టి, కణాలను కాంతివేగానికి చేరువగా తోస్తాయి. ఆ కణాలు తాము పోయే దిశలోనే కాంతిని వెదజల్లుతాయి. ఆ కాంతిపుంజం, దీపస్తంభపు వెలుగు వలె, మనవైపు తిరిగినప్పుడల్లా మెరుపు కనిపిస్తుంది. తార ఆరి వెలగటం లేదు. దేనినీ తట్టటం లేదు. రేడియో తరంగం శబ్దం కాదు. మనం వినే ధ్వని యంత్రంతో మార్చుకున్నది. అలా మార్చినా, సెకనుకు 30 స్పందనలు తట్టినట్లు గాక గరగర మోతగానే వినిపిస్తాయి.

ఇంతకంటే ముఖ్యమైన విషయం మరొకటి గలదు. ఈ కాంతి తార ధ్రువాల సమీపంలో పుడుతుందని ఒకప్పుడు పలువురు భావించారు. 2008లో మ్యాజిక్, 2011లో వెరిటాస్ దూరదర్శినులు గ్రహించిన అధికశక్తి గామా స్పందనలు దానికి పొసగలేదు. అవి ఉపరితలానికి దూరంగా, వందల కిలోమీటర్లకు ఆవల పుడుతున్నాయని తేలింది. కచ్చితంగా ఎక్కడ అన్న చర్చ నేటికీ సాగుతున్నది. ఇలా మారే సిద్ధాంతానికి గ్రంథార్థాన్ని ముడివేస్తే, సిద్ధాంతం సడలిన నాడు అర్థం గతేమిటి?

అరబ్బీ వాడుకలో రాత్రివేళ వచ్చేవాడు తారిఖ్. తలుపు తట్టవలసి వస్తుంది గనుక ఆ పేరు. తబరీ వంటి ప్రాచీన వ్యాఖ్యాతలు రాత్రి ఉదయించే తార అనే గ్రహించారు. సందర్భానికి ఆ అర్థం చాలు.

బాగ్దాదు వైద్యుడు ఇబ్న్ బుత్లాన్ హిజ్రీ 446లో మిథునరాశిలో కొత్త తార కనిపించిందని వ్రాశాడు. అది 1054 నాటి తారేనని 1978లో పరిశోధకులు ప్రతిపాదించారు. ఆ వాక్యం నేటికీ పనికివస్తున్నదంటే, తార ఎప్పుడు, ఎక్కడ కనిపించిందో అందులో నమోదై ఉండటమే కారణం. వాక్యాన్ని భాషతోను, తారను పరిశీలనతోను గ్రహించటమే రెండింటికీ న్యాయం.