సాయం చేసింది ఎవరు? – లాక్‌డౌన్ సాహిత్యంలో ఊరు

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ అమల్లోకి వచ్చిన నాటి నుంచి దాని మీద తెలుగులో విస్తారంగా కథలు, కవితలు వచ్చాయి. వాటిలో స్థూలంగా రెండు ధోరణులు కనిపిస్తాయి. ఒకటి రోడ్డు మీద నడిచిన వలస కూలీని వస్తువుగా తీసుకున్నది. రెండోది ఆ కూలీ చేరుకున్న ఊరిని, ఆ ఊళ్లో మనుషులు ఒకరినొకరు ఆదుకున్న తీరును వస్తువుగా తీసుకున్నది. మొదటి ధోరణి మీద మన సభల్లో, పత్రికల్లో చర్చ జరిగింది. నాలుగు గంటల వ్యవధి ఇచ్చి దేశాన్ని మూసేసిన పాలకుల బాధ్యతను, మే 8న ఔరంగాబాద్ దగ్గర పట్టాల మీద నిద్రపోయి గూడ్సు బండి కింద నలిగిన 16 మంది కార్మికుల చావును మన రచయితలు సూటిగానే పట్టుకున్నారు. రెండో ధోరణిని మాత్రం మనం అంతగా విమర్శకు పెట్టలేదు. ఆదరణ, ఆప్యాయత, మానవత్వం అనే మాటలు కనిపించగానే విమర్శకుడు కలం కింద పెట్టేస్తాడు. మంచిని గురించి రాసిన కథను ప్రశ్నించడం మర్యాద కాదనుకుంటాడు కాబోలు. ఈ వ్యాసంలో నేను ఆ మర్యాదను పాటించదలచుకోలేదు.

నేను చదివిన కథల్లో చాలావాటికి ఒక చట్రం ఏర్పడిపోయింది. పట్నంలో పని పోయిన మనిషి పెళ్లాం పిల్లలతో ఊరు చేరతాడు. పట్నం తరిమింది, ఊరు అక్కున చేర్చుకుంటుంది. ఎన్నడూ పలకరించని పెద్దరైతు ఇంటికి వచ్చి బస్తా బియ్యం దింపుతాడు. కులాలు మరిచి అందరూ ఒక్కటవుతారు. చివరి పేరాలో ఆ మనిషి ఇక పట్నం పోనని మట్టి తీసి నుదుట పెట్టుకుంటాడు. ఇదంతా అబద్ధమని నేను అనడం లేదు. లాక్‌డౌన్ కాలమంతా నేను మా ఊళ్లోనే ఉన్నాను. బియ్యం దింపినవాళ్లను చూశాను, కూరగాయలు పంచినవాళ్లను చూశాను. నా అభ్యంతరం మరో చోట ఉంది. ఈ కథల్లో సాయం ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరి గింజ, ఎవరి చేతుల మీదుగా ఎవరికి చేరింది, ఆ తర్వాత అది ఏ రూపంలో తిరిగి వసూలయింది అనే ప్రశ్నలు లేవు. ఊరికి ఒక హృదయం ఉందనీ, ఆపద రాగానే అది దానంతట అదే కరిగిందనీ రచయిత నమ్ముతున్నాడు. ఊరికి హృదయం ఉందో లేదో గాని, భూమి పట్టాలు ఉన్నాయి, వాడలు ఉన్నాయి, అప్పు పత్రాలు ఉన్నాయి. సాయం వాటి దారుల్లోనే నడిచింది.

ఆ మార్చి నెలలో ఊళ్లు చేసిన మొదటి పని ఏమిటో గుర్తు తెచ్చుకుందాం. తెలంగాణలోనూ ఆంధ్రలోనూ ఎన్నో గ్రామాలు పొలిమేరల్లో రోడ్డుకు అడ్డంగా తుమ్మకంప వేశాయి, మొద్దులు పడేశాయి. బయటివాళ్లు రావద్దని బోర్డులు పెట్టాయి. భయం నిజమైనదే. దగ్గర్లో ఆసుపత్రి లేని ఊరికి తుమ్మకంప తప్ప వేరే వైద్యం తెలియదు. కాని ఆ కంపకు ఆవల నిలబడినవాళ్లలో ఆ ఊరి బిడ్డలే ఉన్నారు. పశ్చిమ బెంగాల్ పురూలియా జిల్లాలో వంగిడి అనే గ్రామానికి చెన్నై నుంచి తిరిగివచ్చిన యువకులు చెట్ల మీద మంచాలు కట్టుకుని విడిగా గడపవలసి వచ్చింది. ఒంటిగది ఇళ్లలో వాళ్లను వేరుగా ఉంచే వీలు లేదు. ఏనుగుల కాపలాకు వేసుకునే మంచెల పద్ధతి అప్పుడలా పనికొచ్చింది. కిందికి అన్నం తెచ్చిపెట్టింది ఇంటివాళ్లే. పత్రికలు దీన్ని వింతగా అచ్చువేశాయి. ఒక్క చిత్రంలో వెలి, ఆదరణ, పేదరికం మూడూ ఉన్న వస్తువు ఇది. మన కథకుల్లో ఎంతమంది కంప వేసిన రాత్రిని రాశారు? బస్తా దింపిన పగలును మాత్రం చాలామంది రాశారు.

‘సామాజిక దూరం’ అనే మాట గురించి కూడా చెప్పాలి. రోగం అంటకుండా మనిషికీ మనిషికీ మధ్య ఉంచుకోవలసిన ఎడానికి భౌతిక దూరం అనే సరైన మాట ఉండగా ఈ మాట చలామణి అయింది. వెంటనే కొందరు మడి, ఆచారం, అంటు ముట్టు మన పూర్వీకుల విజ్ఞానమని ప్రచారం మొదలుపెట్టారు. దానికి మన దళిత కవులు ఇచ్చిన జవాబు ఈ కాలపు కవిత్వంలో నిలిచే భాగమని నా అభిప్రాయం. కాని అదే సమయంలో వచ్చిన కథల్లో ‘కులాలు మరిచిన ఊరు’ యథేచ్ఛగా తిరిగింది. కవిత ఒక ఊళ్లో, కథ ఇంకో ఊళ్లో ఉన్నట్టుగా!

ఇక సాయం సంగతి. మన భాషలో సాయానికి ఒక్క మాట లేదు. దానం వేరు, చేబదులు వేరు, నాగు వేరు. దానం ఇచ్చినవాడి పేరు నిలబెడుతుంది. నాగు గింజకు గింజే వడ్డీగా కట్టించుకుంటుంది. చేబదులులో వడ్డీ లేదు, పేరు లేదు, ఇచ్చినవాళ్లు రేపు అడిగేవాళ్లు కూడా. లాక్‌డౌన్‌లో మా ఊరి వాడల్లో పొయ్యి వెలిగించింది ప్రధానంగా ఈ మూడోదే. మా ఊళ్లో ఒక ముసలమ్మ నాతో, “సోలెడు బియ్యం బదులు తెచ్చిన సారూ, పింఛన్ పడంగనే ఇయ్యాలె” అంది. ఆమె ముఖంలో కృతజ్ఞత లేదు, లెక్క ఉంది. ఆ లెక్కలో ఒక సమానత్వం ఉంది. మన కథల్లో నాకు ఈ లెక్క కనిపించదు. బియ్యం తీసుకున్న ప్రతి పాత్ర కళ్లూ చెమరుస్తాయి. తీసుకున్నవాళ్లు ఏడిస్తేనే ఇచ్చినవాళ్లు పెద్దవాళ్లవుతారు. ఇది శిల్పలోపంగా కనిపించే దృక్పథ లోపం.

పెద్దమనుషుల మంచితనాన్ని ఎలా రాయాలో తెలుగు కథకు తెలియనిది కాదు. కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ 1960లలోనే వచ్చింది. అందులో శ్రీరాములునాయుడు దుర్మార్గుడు కాడు. ఊరికి మేలు చేసినవాడు, ధర్మం తప్పకూడదనుకునేవాడు. సుందరపాలెం అభివృద్ధి చెందిన గ్రామమే. అయినా ఆ ధర్మమే, ఆ మంచితనమే అప్పల్రాముడి అప్పును తీర్పు దాకా తెచ్చింది. కొడుకు సీతారాముడు తన బిడ్డను తానే చంపుకునే చోటికి కథ చేరింది. ఆ ముగింపు మీద దశాబ్దాలుగా మనం తగవులాడుకున్నాం, ఆ తగవు తెగలేదు. కాని ఒక్క సంగతి ఆ కథ తేల్చేసింది: వ్యక్తి మంచితనం సంబంధాన్ని మార్చదు. లాక్‌డౌన్ కథకుడు ‘యజ్ఞం’ చదివే ఉంటాడు. చదివి కూడా బస్తా బియ్యంతో వచ్చిన పెద్దరైతును చూడగానే అతని ఇంటి అప్పుల పుస్తకాన్ని మరచిపోతున్నాడు.

ఊరు ఒక్కటి కావడానికి ఇంకో ముఖం కూడా ఉంది. దానికి పంజాబ్‌ను చూడాలి. 2020 జూన్‌లో అక్కడ వరినాట్లకు బీహారు, ఉత్తరప్రదేశ్ కూలీలు లేరు. స్థానిక దళిత కూలీలు ఎకరానికి ఎక్కువ అడిగారు. అది వాళ్లకు దొరికిన అరుదైన అవకాశం. అనేక పంచాయతీలు సమావేశమై నాటుకూలి ఇంతకు మించరాదని తీర్మానాలు చేశాయి. మీరినవాళ్లకు బహిష్కారమని బెదిరించిన ఊళ్లూ ఉన్నాయి. గ్రామ సమష్టి జీవితం, పరస్పర సహకారం అనే మాటలు వాడేటప్పుడు ఈ తీర్మానాలు కూడా సమష్టిగానే జరిగాయని గుర్తుంచుకోవాలి. మన దగ్గర ఇటువంటివి ఏ రూపంలో జరిగాయో వెతకవలసింది కథకులు. లాక్‌డౌన్‌లో బస్తా తీసుకున్న కుటుంబం జూన్‌లో నాటుకూలి అడిగేటప్పుడు నోరు ఎంతవరకు తెరవగలిగింది? ఇక్కడ నుంచి మొదలయ్యే కథ ఒకటి నేను చదవాలనుకుంటున్నాను.

పంచుకున్న బియ్యం సంగతికి మళ్లీ వస్తాను. మా వాడల్లో చేతులు మారిన బియ్యంలో చాలాభాగం రేషన్ బియ్యం. తెలంగాణలో తెల్లకార్డు ఉన్నవాళ్లకు మనిషికి 12 కిలోల చొప్పున ఉచితంగా ఇచ్చారు, కుటుంబానికి 1,500 రూపాయలు వేశారు. కేంద్రం 2020 ఏప్రిల్ నుంచి నవంబరు దాకా మనిషికి నెలకు 5 కిలోలు అదనంగా ఇచ్చింది. 2013లో ఆహార భద్రత చట్టం రావడానికి వెనక ఎన్ని ఏళ్ల ఉద్యమం ఉందో మనకు తెలుసు. ఉపాధి హామీ కూడా అంతే. 2019-20లో దేశమంతటా సుమారు 265 కోట్ల పనిదినాలు జరిగితే 2020-21లో అవి 389 కోట్లకు చేరాయి. తిరిగివచ్చిన మనుషులను ఊరు మోసిందంటే ఈ మట్టి తట్టల మీద కూడా మోసింది. మన కథల్లో చౌకధరల దుకాణం కనిపిస్తే డీలరు మోసం కోసమే కనిపిస్తుంది, ఉపాధి పని దొంగ మస్టర్ కోసమే కనిపిస్తుంది. ఆ మోసాలు ఉన్నాయి, రాయాలి. కాని పోరాడి తెచ్చుకున్న హక్కును పక్కకు నెట్టి ఆ స్థలంలో దాత దయను కూర్చోబెడితే, రచయిత తెలిసో తెలియకో పాలకవర్గం పని చేసిపెడుతున్నాడు.

సమష్టి సాయం అసలు ఎలా తయారవుతుందో చూడాలంటే జహీరాబాద్ ప్రాంతానికి పోవాలి. పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ చుట్టూ ఏర్పడిన మహిళా సంఘాల్లో ఎక్కువమంది చిన్న కమతాల దళిత స్త్రీలు. స్వచ్ఛంద సంస్థల రాజకీయాల మీద మనకు అభిప్రాయభేదాలు ఉన్నాయి, ఉండాలి కూడా. అవి అట్లా ఉంచి ఆ స్త్రీలు చేసిన పని చూద్దాం. 1990ల మధ్యలో వాళ్లు సమాజ ధాన్యనిధి అనే ఏర్పాటు చేసుకున్నారు. పడావు పడ్డ భూముల్ని దున్నించడానికి, ఎరువుకు, కలుపుకు పెట్టుబడి అప్పుగా ఇచ్చారు. ఆ అప్పును డబ్బుగా కాక జొన్నలుగా, కొన్నేళ్ల మీద తిరిగి తీసుకున్నారు. ఆ గింజ మండల గోదాముకు పోలేదు, ఊళ్లోనే సంఘం చేతిలో ఉంది. వానాకాలంలో తిండి కరువయ్యే నెలల్లో నిరుపేద కుటుంబాలకు తక్కువ ధరకు అమ్మారు. ఎవరు నిరుపేదలు? ఆఫీసు జాబితా కాదు, ఊరు కూర్చుని నేలమీద రంగుల ముగ్గుతో ఇల్లిల్లూ గీసి, అందరి ముందూ వాదించుకుని తేల్చిన జాబితా. 2020లో ఆ సంఘాల స్త్రీలు సహాయ కార్యక్రమాలకు తమ గింజల్లోంచి ఇచ్చారు. వీధుల్లో పనిచేస్తున్న వైద్య, పారిశుధ్య సిబ్బందికి అంబలి పోశారు. చూడండి, ఇక్కడ ఇచ్చేది దళిత స్త్రీ. ఆమె ఇవ్వగలిగిందంటే కరిగిన హృదయం వల్ల కాదు, పాతికేళ్లుగా నేల మీద, విత్తనం మీద, కొట్టు మీద సంఘం పట్టు సంపాదించడం వల్ల. మన చట్రం కథల్లో ఈమెకు చోటు లేదు. ఆమె ఎప్పుడూ కొంగు పట్టేదే గాని కొలిచి పోసేది కాదు.

అంబలి మాట వచ్చింది కాబట్టి సిబ్బంది గురించి కూడా చెప్పుకోవాలి. ఆ మార్చి చివర పంజాబ్‌లోని నాభా పట్టణంలో ఒక పారిశుధ్య కార్మికుడి మీద మేడల మీద నుంచి పూలు చల్లారు. అటువంటి సన్మానాలు మన ఊళ్లల్లోనూ జరిగాయి. మన కవులు వాటి మీద కవితలు రాశారు. అభ్యుదయ కథకుడు రాజేందర్ సింగ్ బేడీ ఎనభై ఏళ్లకు పైగా క్రితమే ఉర్దూలో ‘క్వారంటైన్’ అనే కథ రాశాడు. ప్లేగు రోజుల్లో రోగులకు నిజంగా సేవ చేసింది భాగు అనే పాకీవాడు. పూలదండ, సభ, పొగడ్త దక్కింది డాక్టరుకు. కథ చెప్పేది ఆ డాక్టరే, అందుకే ఆ దండ బరువు మనకు తెలుస్తుంది. మన రోజుల్లో భాగుకే దండ పడింది. అది ముందడుగని సంతోషించవచ్చా? దండ వేసిన ఊరు అతని జీతం సంగతి అడిగిందా? ఇల్లిల్లూ తిరిగి జ్వరాలు రాసుకున్న ఆశా కార్యకర్తలు 2020 ఆగస్టులో దేశవ్యాప్తంగా సమ్మె చేశారు, రక్షణ పరికరాలు, వేతనాలు అడిగారు. చప్పట్ల మీద వచ్చినన్ని కవితలు ఆ సమ్మె మీద నాకు కనిపించలేదు.

చివరగా వలస వచ్చినవాళ్లకు మన ఊరు ఏమయిందన్న విషయం. ములుగు జిల్లా మిరపచేలకు కూలికి వచ్చిన ఛత్తీస్‌గఢ్ ఆదివాసీ బాలిక, 12 ఏళ్ల పిల్ల, పని ఆగిపోయాక తోటివాళ్లతో అడవుల వెంట నడిచి, ఏప్రిల్ 18న సొంత ఊరు ఇక కొద్ది దూరం ఉందనగా బీజాపూర్ జిల్లాలో చనిపోయింది. ఆమె మీద తెలుగులో కవితలు వచ్చాయి, కొన్ని చాలా మంచివి. అన్నీ ఆమె నడకను రాశాయి. ఆమె ఏరిన మిరపకాయ ఎవరి కల్లంలో ఎండింది, అక్కడ రోజుకూలి ఎంత, ఆ పిల్లల్ని తెచ్చిన మేస్త్రీ ఎవరు, ఆగిపోయిన రోజుల్లో ఆ ఊరు వాళ్లకు ఏం పెట్టింది – ఇవి మన నేల మీద జరిగినవి, మనం రాయవలసినవి. వలస కూలీ దారుణం ఉత్తరాదిది, ఆదరణ మాత్రం తెలుగు పల్లెది అన్నట్టు విడదీసుకోవడానికి వీల్లేదు.

మన మనుషులు బయట ఇరుక్కున్న సంగతీ అంతే. గుజరాత్ వెరావల్ రేవులో వేలమంది శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు పడవల్లోనే చిక్కుకుపోయారు. ఒక పడవలో ఉన్న బియ్యాన్ని ఇంకో పడవతో పంచుకుంటూ నెల దాటించారు. ఏప్రిల్ చివర బస్సులెక్కి మే మొదట్లో ఇళ్లకు చేరారు. వాళ్ల మీద వచ్చిన రచనల్లో నేను చూసినవన్నీ బస్సు దిగిన చోట, తల్లి ఎదురొచ్చిన చోట ముగిశాయి. తొమ్మిది వందల కిలోమీటర్లకు పైగా తీరం ఉన్న రాష్ట్రం నుంచి సముద్రం తెలిసిన మనుషులు అరేబియా సముద్రానికి కూలికి పోవడమేమిటి? శ్రీకాకుళం తీరంలో చేపలరేవు లేకపోవడం అందుకు ఒక కారణమని అక్కడి మత్స్యకారులు ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నారు. లాక్‌డౌన్ సడలిన కొన్ని నెలలకే వలసవెళ్లే ఊళ్ల నుంచి మళ్లీ బస్సులు, రైళ్లు నిండాయి. మట్టి తీసి నుదుట పెట్టుకున్న మనిషి కూడా వాటిలో ఉండే ఉంటాడు. వెళ్లే ముందు ఆ వేసవిలో తెచ్చిన చేబదుళ్లు తీర్చాడా, తీర్చకుండా వెళ్లాడా, పెళ్లాం పేర రాసి వెళ్లాడా అన్నది ఏ కథలోనూ నాకు దొరకలేదు.