ధాన్యమునకై మలచిన వెలుగు

ఇంగ్లండులోని లీడ్సు నగరమధ్యమున 1863లో పూర్తియైన కార్న్ ఎక్స్ఛేంజి అను ధాన్యవిక్రయశాలను చూచినవారికి, అక్కరకై కట్టినదియు అందగింపగలదను విషయము తేటతెల్లమగును. వాస్తుశిల్పి కత్బర్ట్ బ్రాడ్రిక్ దానిని అండాకృతిని నిర్మించి, వెలుపలి గోడల రాళ్లను వజ్రపుమొనలవలె చెక్కించుటచే, ఎండ తిరిగినకొలఁది నీడలు మారుచు, అంతటి బరువైన కట్టడమును తేలికయై తోఁచును.

లోన అడుగిడినంతనే స్తంభమొక్కటియు అడ్డురాని విశాలాంగణము. పైన ఇనుపకమానులు మోయు గుమ్మటము. గింజ నాణ్యము దాని రంగును, నిగ్గును బట్టి తేలవలసినదగుటచేత, సూటియెండ మిఱుమిట్లుగొలిపి బేరగాని కంటిని మోసగింపకుండ, నిలుకడయైన వెలుగు లోనికి దిగునట్లు ఆ కప్పునకు ఉత్తరపువైపున విస్తారముగ అద్దములు పొదిగిరి. పిడికెఁడు ధాన్యమును సరిగాఁ బరీక్షించుట యను సామాన్యకార్యమే ఇట్లొక మహాసౌధపు రూపమును నిర్ణయించినది!

ధాన్యపు బేరములు తొలఁగి, నేఁడందు చిన్నచిన్న అంగళ్లు వెలసినను, ప్రథమశ్రేణి రక్షితకట్టడముగ చట్టము దానిని కాపాడుచున్నది. వినియోగమునే అలంకారముగఁ దీర్చిన ఆ శిల్పియు, రాయి చెక్కి, ఇనుము పోఁతపోసి, అద్దము బిగించిన పేరెఱుఁగని పనివాండ్రును సమానముగ వందనీయులు.