రెండు విమానాల నడుమ ఒక ఊరు

మా నిజామాబాద్ జిల్లాలో దుబాయి ఎయిర్‌పోర్టు సంగతి తెలియని ఇల్లు తక్కువ. ఆర్మూర్, భీంగల్, బాల్కొండ, కమ్మర్‌పల్లి దిక్కు ఏ ఊరికి పోయినా దుబాయిలో పనిచేసి వచ్చినవాళ్లు, ఇంకా చేస్తున్నవాళ్లు, పోవడానికి పాస్‌పోర్టు పట్టుకుని తిరుగుతున్నవాళ్లు కనబడతారు. ఈమధ్య వాళ్లకు ఇంకో వరుస తోడైంది. అమెరికాలో కూతురి పురుడికో, మనవణ్ణి చూసుకోవడానికో పోయివచ్చే నాలాంటి పెద్దవాళ్ల వరుస. మొదటివాళ్లకు దుబాయి బతుకుదెరువు. మాకది విమానం మారే చోటు. ఎన్ని గంటలు ఆగాల్సి వచ్చినా బెంచీ మీద కాళ్లు ముడుచుకుని, పులిహోర డబ్బా విప్పుకుని, గేటు నంబర్ల బోర్డు చూస్తూ గడిపేస్తాం. గోడ అవతల ఊరొకటి ఉందన్న ధ్యాసే రాదు.

నాకు ఆ బెంచీ పడదు. విమానం మారే చోట కొంచెం వ్యవధి ఉంటే చాలు, ఊళ్లోకి పోయి రావాలంటాను. నా భార్య దీన్ని పిచ్చి అంటుంది. అంటూనే చెప్పులు మార్చుకుంటుంది.

నాలుగు గంటల్లో ఊరంతా చూడాలనుకున్నవాడు ఏదీ చూడడు. పోటీ పరీక్షకు చదివినట్టు జాబితా పట్టుకుని ఉరుకులాడితే ఫోన్లో ఫొటోలు మిగులుతాయి, అంతే. నేను వెతికేది ఒక్కటే: ఆ ఊరు అక్కడే ఎందుకు పుట్టింది? నదో, రేవో, కోటో, సంతో ఏదో ఒకటి ఉంటుంది. దాని చుట్టూ కాళ్లు మొరాయించేదాకా తిరిగి వెనక్కి వచ్చేయడమే. మా జిల్లాలోని బోధన్ చక్కెర ఊరు ఎందుకైందో తెలియాలంటే మూతపడ్డ ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడితే చాలదు. 1931లో పూర్తయిన నిజాంసాగర్ కాలువ గట్టు ఎక్కాలి. మంజీర నీళ్లు రాకపోతే చెరుకు లేదు, చెరుకు లేకపోతే ఆ ఫ్యాక్టరీ చుట్టూ వెలసిన శక్కర్‌నగర్ లేదు. దుబాయికి అలాంటి చోటు, ఎడారిలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ. అక్కడివాళ్లు ఖోర్ అంటారు. బుర్జ్ ఖలీఫా తలుపులు తెరిచింది 2010లో. ఖోర్ ఒడ్డున ఉన్న ఫహీదీ కోట 1787 నాటిది. సమయం తక్కువున్నప్పుడు ఏ దిక్కు నడవాలో నాకైతే సందేహం లేదు.

బయటపడాలంటే ముందు కాగితాలు సరిగ్గా ఉండాలి. మన పాస్‌పోర్టులో గడువున్న అమెరికా వీసా ఉంటే అక్కడ దిగాక డబ్బు కట్టి లోపలికి పోయే వీలుంది. లేనివాళ్లకు విమాన సంస్థల ద్వారా 48 గంటల, 96 గంటల ట్రాన్సిట్ వీసాలున్నాయి. రూల్సు మారుతుంటాయి, టికెట్ కొనేటప్పుడే అడగాలి. పెద్ద సూట్‌కేసుల ట్యాగు మీద చివరి ఊరి పేరుందో లేదో కళ్లారా చూసుకోవాలి. చేతిసంచిలో గసగసాలు అసలే ఉండకూడదు. మన కూరలో మసాలా, అక్కడి చట్టంలో మత్తుపదార్థం. అమ్మ కట్టిచ్చిన పొట్లంతో జైలుపాలైనవాళ్ల కథలు మా గల్ఫ్ పల్లెల్లో ఎవర్నడిగినా చెబుతారు. ఇక మే నుంచి సెప్టెంబరు దాకా పట్టపగలు దిగితే మాత్రం నేను తిట్టిన ఆ బెంచీయే మేలు.

మేం డాలస్ నుంచి తిరిగొస్తూ దిగింది జనవరి నెల, ఆదివారం మధ్యాహ్నం. హైదరాబాద్ విమానం అర్ధరాత్రి దాటాక. టాక్సీ జోలికి పోలేదు. టెర్మినల్‌కు ఆనుకునే మెట్రో ఉంది. ఎర్ర లైను మీద యూనియన్ స్టేషన్‌కు, అక్కడ ఆకుపచ్చ లైనుకు మారి అల్ రాస్‌కు. పైకి రాగానే లవంగం, ఎండు నిమ్మకాయ, సాంబ్రాణి కలిసిన వాసన. మసాలా దినుసుల బజారు అక్కడే. కుంకుమపువ్వు, ఎండు గులాబీ మొగ్గలు, వాటి పక్క గోనెసంచిలో పసుపుకొమ్ములు. నా భార్యది ఆర్మూర్ దిక్కు పసుపు పండించే ఇల్లు. మా మార్కెట్ యార్డులో బేరగాళ్లు చేసినట్టే కొమ్మును పుటుక్కున విరిచి లోపలి రంగు చూసింది. దుకాణదారు కంగారుపడ్డాడు. ఆమె తల అడ్డంగా ఊపి సంచిలో వేసేసింది. జాతీయ పసుపు బోర్డు మా ఊళ్లో పెట్టారని అతనికి చెప్పాలనిపించింది గానీ చెప్పలేదు.

బంగారం బజారు గురించి ఎక్కువ రాయను. దాదాపు 64 కిలోల ఉంగరమొకటి అద్దాల వెనక పెట్టారు, దాని ముందు ఫొటో దిగాం. అక్కణ్ణుంచి ఆమెను కదిలించి ఒడ్డుకు తేవడమే ఆ పూట నేను చేసిన కష్టమైన పని.

ఒడ్డున చెక్కపడవలు, వాటినే ధౌలంటారు, ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. టైర్లు, ఫ్రిజ్‌లు, బియ్యం బస్తాలు గట్టు మీదే గుట్టలు. ఇరాన్‌కు, సోమాలియాకు పోయే సరుకు. ఊరు పుట్టింది దీనితోనే. పెద్ద రేవులు, కంటైనర్లు వచ్చాక కూడా ఈ చిల్లర వ్యాపారం చావలేదు. పాయ దాటించే చిన్న పడవ పేరు అబ్రా. మధ్యలో బల్ల, దాని మీద వీపు వీపు ఆనించి ఇరవై మంది. ఛార్జీ ఒక దిర్హం, నేరుగా పడవవాడి చేతికే.

మేం మాట్లాడుకునే తెలుగు విని పడవలో పక్కనున్నతను ఇటు తిరిగాడు.

“తెలుగోళ్లా కాకా? ఏ ఊరు?”

“నిజామాబాద్.”

“అరె! మాది ఎడపల్లి దిక్కే. బోధన్ కాడ.”

ఇంటికి పైసలు పంపడానికి, మేం పడవెక్కిన ఒడ్డున ఉన్న డేరా పేటకు వచ్చాడట, సెలవు రోజు కాబట్టి. “ఆయితారం ఈడికొస్తే పనున్నా లేకున్నా రెండుసార్లు అటిటు తిరుగుత కాకా. ఒక్క దిర్హమే గద.” లేబర్ క్యాంపు ఎక్కడని అడిగాను. జబెల్ అలీ అన్నాడు. అని, ఏదో గుర్తొచ్చి నవ్వాడు. “ఆడ సముద్రం ఒడ్డుకు పెద్ద శక్కర్ ఫ్యాక్టరి ఉంది, తెల్సా? సుట్టుపక్కల ఒక్క చెరుకు గడ లేదు. మా నాయిన శక్కర్‌నగర్ గేటు ముంగట చెరుకు బండి లైన్ల వెట్టి, రాత్రంత బండి కిందనే పండుకునేటోడు.”

అతను చెప్పింది అక్షరాలా నిజం. జబెల్ అలీ రేవులో అల్ ఖలీజ్ షుగర్ అనే కంపెనీ 1995 నుంచి నడుస్తోంది. బ్రెజిల్ లాంటి దేశాల నుంచి ముడి చక్కెర ఓడల్లో వస్తుంది, ఇక్కడ శుద్ధి అయి మళ్లీ ఓడలెక్కుతుంది. రేవు ఒడ్డున ఉన్న చక్కెర శుద్ధి కర్మాగారాల్లో ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటి. ఇటు మాది: నిజాం షుగర్ ఫ్యాక్టరీ, 1937లో ఏడో నిజాం కాలంలో పుట్టి, ఆసియాలోనే పెద్దదని పేరు మోసి, సొంత చెరుకు ఫారాలు, క్వార్టర్లు, బడి, ఆసుపత్రి అన్నీ పెట్టుకుని వెలిగింది. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో లే ఆఫ్ నోటీసు అంటించారు. నీళ్లున్నాయి, నేలుంది, చెరుకు వేయడం తెలిసిన రైతులున్నారు. గేటు మూసి ఉంది.

అవతలి గట్టు చేరేదాకా నా తలలో ఈ రెండు ఊళ్ల తేదీలే తిరిగాయి. శక్కర్‌నగర్‌లో మొదటి గానుగ కాలం నడిచేనాటికి ఈ పాయ ఒడ్డు ఆకలితో ఉంది. అప్పటి దుబాయి బతుకు ముత్యాల మీద. వేసవి నెలల్లో పడవలు సముద్రం మీదికి పోయేవి. ముక్కుకు క్లిప్పు పెట్టుకుని, కాలికి రాయి కట్టుకుని మనిషి అడుగుకు దిగేవాడు. ఆ ముత్యాలు బొంబాయి బజారుకు చేరేవి, గల్ఫ్ ముత్యాలకు హైదరాబాద్ సంస్థానంలో ఎంత గిరాకీ ఉండేదో చెప్పనక్కర్లేదు. 1929 ఆర్థిక మాంద్యం ఒకవైపు, జపాన్‌వాళ్లు పెంచిన ముత్యాలు ఇంకోవైపు ఆ వ్యాపారాన్ని కొన్నేళ్లలోనే కూల్చేశాయి. దుబాయికి చమురు దొరికింది 1966లో. ఆ మధ్యకాలమంతా సరుకు అటు తెచ్చి ఇటు అమ్మడంతోనే బతికారు. ఇసుక పూడిపోతున్న పాయను 1950ల చివర అప్పు చేసి మరీ తవ్వించారు. చమురు ఇంకా కంటబడకముందే చేసిన పని అది. నాకు ఆకాశహర్మ్యాలన్నిటికన్నా ఆ తవ్వకమే గొప్పగా కనబడుతుంది.

అలాగని ముత్యాల కాలాన్ని తలుచుకుని కళ్లు చెమర్చాల్సిన పనీ లేదు. నీళ్లలో దిగేవాడు పడవ యజమాని దగ్గర ముందే అప్పు తీసుకునేవాడు. సీజనంతా దిగినా ఆ అప్పు తీరేది కాదు, చస్తే కొడుకు మెడకు చుట్టుకునేది. వడ్డీకి తెచ్చి ఏజెంటుకు కట్టి, మొదటి రెండేళ్లు ఆ బాకీ కిందే పనిచేసే మా జిల్లా పిల్లగాళ్లు ఆ పడవల మీది మనుషులను చూస్తే ఇట్టే గుర్తుపడతారు.

ఇంకో ముచ్చట. ఆ రోజుల్లో దుబాయిలో చెలామణి అయింది బ్రిటిష్ ఇండియా రూపాయి, మన పెద్దవాళ్లు కల్దార్ అనేవారే, అది. 1909లో అక్కడ తెరిచిన పోస్టాఫీసులో 1947 దాకా భారతదేశపు తపాలా బిళ్లలే. 1959లో రిజర్వ్ బ్యాంకు గల్ఫ్ కోసం వేరే నోట్లు కూడా అచ్చువేసింది. 1966లో రూపాయి విలువ తగ్గించాక వాళ్లు దాన్ని వదిలించుకున్నారు. మరి 1937లో బోధన్‌లో ఏ నాణెం? నిజాంగారి హాలీ సిక్కా. అంటే ఆనాడు ఇండియా రూపాయి అధికారికంగా నడిచిన ఊరు దుబాయి, నడవనిది బోధన్!

అవతలి గట్టు బర్ దుబాయిలో దిగి బట్టల బజారు దాటితే పెద్ద మసీదు వెనక సన్న గల్లీ. అందులో కొబ్బరికాయలు, బంతిపూలు, అగరువత్తులు. సింధీ వ్యాపారుల కాలం నుంచి, 1958 నాటి నుంచి, అక్కడ కృష్ణుడి గుడి ఉంది. మా ఎడపల్లి అబ్బాయి అక్కడిదాకా దారి చూపి, చాయ్ తాగించి, డబ్బులు ఇవ్వబోతే చెయ్యి పట్టుకున్నాడు. ఫహీదీ గల్లీల్లోకి రమ్మంటే, “ఆడేముంటది కాకా, పాత ఇండ్లే గద” అని బస్సుకు పోయాడు.

పాత ఇళ్లే. కానీ ఎలాంటి ఇళ్లు! ఇరాన్ తీరంలో సుంకాలు పెరిగాక, దుబాయిలో పన్ను లేదని తెలిసి, వందేళ్లకు ముందే బస్తక్ ప్రాంతపు వ్యాపారులు వచ్చి కట్టుకున్నవి. గోడలు సముద్రం నుంచి తీసిన పగడపు రాయివి. కప్పులకు తూర్పు ఆఫ్రికా నుంచి తెచ్చిన మడ కర్రల వాసాలు. ఆ కర్ర పొడవెంతో గది వెడల్పంతే, అందుకే గదులన్నీ ఇరుకుగా పొడుగ్గా ఉంటాయి. చాలా ఇళ్ల నెత్తిన నలుచదరపు గాలిగోపురం. నాలుగు దిక్కులా తెరిచి ఉంటుంది, లోపల గుణకారపు గుర్తులా రెండు అడ్డుగోడలు. గాలి ఏ దిక్కు నుంచి కొట్టినా ఒక గొట్టంలో దిగుతుంది, లోపలి వేడి ఎదుటి గొట్టంలోంచి పైకి పోతుంది. కరెంటు లేని రోజుల్లో ఆ ఎండలో మనుషులు నిలిచింది దీనివల్ల. ఒక గోపురం కింద నిలబడి తల ఎత్తాను. జనవరి సాయంత్రమైనా చొక్కా కాలరు కదిలింది.

ఈ పేట కూడా మిగిలింది సగమే. 1980లలో ప్రభుత్వ కార్యాలయం కోసం ఒక సగం కూల్చేశారు. మిగిలిన సగం కూడా పోయేదే. అక్కడ ఉంటున్న ఒక బ్రిటిష్ ఆర్కిటెక్టు గొడవ చేయడం, 1989లో యువరాజు చార్లెస్ వచ్చి చూడడం కలిసొచ్చి ఆగింది. పాత ఇల్లు నిలవడానికి పరాయిదేశపు యువరాజు రావాలా అంటే, ఒక్కోసారి రావాలి కాబోలు. మా ఊళ్లో రాడు.

విమానానికి మూడు గంటల ముందు ఎయిర్‌పోర్టులో ఉండాలన్నది నేను రాజీపడని నియమం. ఇమిగ్రేషన్ క్యూ ఎవరి మాటా వినదు. ఖోర్ మీద దీపాలు వెలుగుతుంటే ఇంకో పది నిమిషాలంది నా భార్య. ఒప్పుకోలేదు.

మొన్న అల్లుడి స్నేహితుడొకడు ఫోన్ చేశాడు. నాందేడ్ పోతూ నిజామాబాద్‌లో రెండు రైళ్ల మధ్య ఒక పగలు ఖాళీ దొరుకుతుందట, ఏం చూడమంటారని. ముందు ఖిల్లా ఎక్కమన్నాను. రఘునాథుడి గుడి, దాశరథి కృష్ణమాచార్యను బంధించిన జైలు అక్కడే, ఆయన బొగ్గుముక్కతో పద్యాలు రాసింది ఆ జైలు గోడల మీదే. తర్వాత బస్సెక్కి పాతిక కిలోమీటర్లు బోధన్‌కు. శక్కర్‌నగర్ క్వార్టర్ల మధ్య నడిచి, గేటు చూసి, ఏదైనా కాలువ గట్టు మీద కాసేపు కూర్చుని వెనక్కి రావాలి. దారిలో అశోక్‌సాగర్ ఉంది కదా, బోటింగ్ బాగుంటుందట అన్నాడు. అది మా బుర్జ్ ఖలీఫా నాయనా, వచ్చేసారి చూద్దువు అన్నాను.