వెళ్ళిపోయారు సరే, ఎవరింటికి?

‘సీతాకోకచిలుక’ చూసినప్పుడు నాకు పదిహేనేళ్ళు. చీరాలలో నేల టికెట్టు కొని, హాలు బయట అమ్మే పాటల పుస్తకం కూడా కొనుక్కుని, దాన్ని చొక్కా లోపల దాచుకుని ఇంటికి వచ్చాను. అమ్మ వసారాలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తను సినిమాకి రాదు గానీ, చూసొచ్చిన వాడు కథ చెప్పి తీరాలి.

చెప్పాను. సముద్రం ఒడ్డున ఊరు. బ్రాహ్మల అబ్బాయి రఘు. వాళ్ళమ్మ సంగీతం నేర్పుతుంది. నేర్చుకోవడానికి వచ్చిన కిరస్తానీ అమ్మాయి కరుణ. ఆ పిల్లకి డేవిడ్ అని ఒక అన్న, ఊరంతటికీ వాడంటే హడల్. 

“చివరికి ఏమయింది?” అంది అమ్మ.

“వాడు జంధ్యం తీసేశాడు. ఆ పిల్ల మెడలో శిలువ తీసేసింది. ఇద్దరూ వెళ్ళిపోయారు.”

“వెళ్ళిపోయారు సరే, ఎవరింటికి రా?”

సినిమా అక్కడితో అయిపోయిందమ్మా అన్నాను. “అసలు సంగతి చెప్పకుండా అదేం సినిమా!” అని చేట ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. అమ్మకి సినిమా చూడటం తెలియదనుకున్నాను ఆ రోజు.

పాత సినిమాలు మళ్ళీ చూడటానికి నేను పెట్టుకున్న పద్ధతి ఒకటుంది. చూడబోయే ముందు, గుర్తున్నదంతా ఒక కాగితం మీద రాసుకుంటాను. చూశాక ఆ కాగితం మీద కొట్టివేతలు మొదలవుతాయి. నచ్చిన సినిమాకే కొట్టివేతలు ఎక్కువ. ఎందుకంటే నచ్చిన సినిమాని మనం ఇన్నేళ్ళూ మనసులో మళ్ళీ మళ్ళీ తీసుకుంటూ ఉంటాం, మనకి కావలసినట్టుగా.

మొన్న ‘సీతాకోకచిలుక’ చూసే ముందు రాసుకున్నది ఇంతే: సముద్రం, ఇళయరాజా, ముచ్చర్ల అరుణ కళ్ళు, బుడతడు ఆలీ, ఆఖరి దృశ్యం. నలభై ఏళ్ళు దాచుకున్న సినిమా ఐదు ముక్కల్లోకి వచ్చేసింది.

తెలియని వాళ్ళ కోసం రెండు మాటలు. దర్శకుడు భారతీరాజా ఇదే కథని 1981లోనే తమిళంలో ‘అలైగళ్ ఓయ్వదిల్లై’గా తీశాడు. కథ మణివణ్ణన్‌ది. రెండింటిలోనూ కుర్రాడు కార్తీకే, అతనికదే తొలి సినిమా. అమ్మాయిగా తమిళంలో రాధ, తెలుగులో అరుణ. ఇద్దరూ కొత్తవాళ్ళే. ‘శంకరాభరణం’ తీసిన ఏడిద నాగేశ్వరరావు తెలుగుకి నిర్మాత. మాటలు జంధ్యాల, పాటలు వేటూరి. ఆ ఏటి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. ఏడిద వారి 1983 నాటి ‘సాగర సంగమం’ పేరు కూడా ఈ సినిమాలోని ఒక పాటలో ముందే వినబడుతుంది.

ఇక నా కాగితం సంగతి. మొదట ఒక పాట దగ్గర ఆగిపోయాను. ‘మాటే మంత్రము’ నాకు కంఠతా వచ్చు. కానీ అది ఎలా మొదలవుతుందో ఎన్నడూ పట్టించుకోలేదు. పల్లవికి ముందు ‘శతమానం భవతి’ అనే వేద మంత్రం వినిపిస్తుంది. పెద్దలు అక్షతలు వేస్తూ దీవించేటప్పుడు చదివే మంత్రం. కథ చూస్తే ఆ ఇద్దర్నీ దీవించే పెద్ద దిక్కు కనుచూపు మేరలో లేదు. రాని పురోహితుడి పని, లేని బంధువుల పని పాటే నెత్తికెత్తుకుంది. పదిహేనేళ్ళప్పుడు నాకది వట్టి ప్రేమ పాట. ఇప్పుడు విన్నాక, పీటల మీద కూర్చునే వీలు లేని ఇద్దరికి ఇళయరాజా, వేటూరి కలిసి చేసిన పెళ్ళి అనిపించింది.

రెండోది, నేను పూర్తిగా మర్చిపోయిన మనిషి. డేవిడ్ భార్యగా వేసింది సిల్క్ స్మిత. ఏలూరు దగ్గర కొవ్వలి నుంచి వెళ్ళిన మన తెలుగమ్మాయే. 1982 తర్వాత పరిశ్రమ ఆమెకి ఒకటే పని అప్పగించింది. ఈ సినిమా నాటికి ఆ ముద్ర ఇంకా గట్టిగా పడలేదు. ఇందులో ఆమె చీర కట్టుకున్న ఇల్లాలు. మొగుడికి భయపడుతూనే, తీరా సమయం వచ్చేసరికి ఆడపిల్ల పక్షాన నిలబడుతుంది. ఆ ఇంట్లో ధైర్యమంటూ ఎవరికైనా ఉంటే ఆమెకే ఉంది. ఎదురుగా శరత్‌బాబు. మెత్తటి పెద్దమనిషి పాత్రలతోనే మనకి ఎక్కువ గుర్తున్న ఆయన ఇక్కడ నవ్వే మర్చిపోయిన అన్న. ఆ వేషానికి నంది అవార్డు వచ్చింది. స్మితకి దక్కింది ఏమిటంటే, నా కాగితంలో ఆమె పేరు కూడా లేదు. 1996లో ఆమె పోయినప్పుడు వచ్చిన నివాళుల్లో డాన్సు పాటలే కనిపించాయి. ఈ ఇల్లాలిని తలుచుకున్న వాళ్ళని నేను చూడలేదు. నేనూ తలుచుకోలేదు.

మూడో కొట్టివేత మా అమ్మాయి చేయించింది. కాసేపు నా పక్కన కూర్చుని, “నాన్నా, వీళ్ళ వయసెంత?” అని అడిగింది. అప్పట్లో మాకు తట్టని ప్రశ్న, ఎందుకంటే వాళ్ళ వయసూ మా వయసూ ఒకటే. ఆడపిల్లకి 18, మగపిల్లాడికి 21 నిండితేనే పెళ్ళి అన్న చట్టం 1978లోనే వచ్చింది. చదువుకునే ఈడు పిల్లలు కాబట్టి సినిమా వచ్చేనాటికే వాళ్ళ పెళ్ళి చట్టవిరుద్ధమన్న మాట వినాల్సి వచ్చేది. ఇవాళైతే 2012 నాటి పోక్సో చట్టం కూడా ఉంది. ఇలాంటి కథకి రెండో రీలు పోలీస్ స్టేషన్లోనే మొదలవుతుంది. కుర్రమూక అమ్మాయిల వెంటపడి చేసే అల్లరి కూడా మా అమ్మాయికి నవ్వు తెప్పించలేదు. నిజం చెప్పొద్దూ, ఈసారి నాకూ నవ్వు రాలేదు. హాల్లో ఈలలు వేసిన వాళ్ళలో నేనూ ఉన్నానని మాత్రం పిల్లకి చెప్పలేదు.

ఇన్ని కొట్టేశాక కూడా చెక్కుచెదరనిది ఆఖరి దృశ్యమే. దానికి ముందు ‘మరోచరిత్ర’ ఉంది. 1978లో బాలచందర్ విశాఖ తీరంలో ఇద్దర్ని ప్రేమలో పడేసి, భాషని అడ్డుపెట్టి, చివరికి చంపేశాడు. కడలి ఒడ్డున ప్రేమిస్తే చావే అన్నంతగా అది మా మనసుల్లో పాతుకుపోయింది. భారతీరాజా మతాన్ని అడ్డుపెట్టి కూడా వాళ్ళని బతికించాడు. పైగా తూకం ఎక్కడా తప్పలేదు. నువ్వు మా మతంలోకి రా అని ఇద్దరిలో ఎవరూ రెండోవాళ్ళని అడగరు. అతని ఒంటి మీంచి ఒకటి పోతే ఆమె మెడలోంచి ఒకటి పోయింది. దాని మీద ఉపన్యాసం లేదు. రెండు చేతులు చేసిన పని, అంతే. తర్వాత ఇద్దరూ నడిచి వెళ్ళిపోతారు, సినిమా ఆగిపోతుంది.

ఎక్కడ ఆపాలో తెలియడం గొప్ప పనితనం. వారం వారం ఈ కాలమ్ రాస్తూ, ఒక పేరా ముందే ఆపాల్సిందని అచ్చయ్యాక నాలిక కరుచుకునేవాడికి ఆ విలువ బాగా తెలుసు. ఇంకో పది నిమిషాలు తీసి ఉంటే భారతీరాజా వాళ్ళని ఎక్కడో ఒకచోట దింపాలి. అద్దె ఇల్లు చూపించాలి, ఇంటివాడు కులం అడగాలి, బియ్యం డబ్బా ఖాళీ అవ్వాలి. ఆయన ఆ బరువంతా తెర మీద నుంచి తీసి హాల్లో కూర్చున్న వాళ్ళ నెత్తిన పెట్టాడు. నేను దాన్ని అక్కడే వదిలేసి పాటల పుస్తకం ఒక్కటే ఇంటికి తెచ్చుకున్నాను. సినిమా చూడని మా అమ్మ ఆ బరువెత్తుకుంది.

ఆవిడ ప్రశ్నకి ఇప్పుడు నా దగ్గర ఒక జవాబు ఉంది. అది సినిమాలో దొరకలేదు, చట్టంలో దొరికింది. మతం వదులుకోకుండానే వేరే మతం మనిషిని పెళ్ళాడవచ్చని 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం చెబుతుంది. అంటే వయసు నిండి ఉంటే రఘు జంధ్యం తీయక్కర్లేదు, కరుణ శిలువా తీయక్కర్లేదు. కానీ ఇద్దరిలో ఒకరైనా నోటీసు ఇచ్చే జిల్లాలో అప్పటికి 30 రోజులుగా నివాసం ఉండి ఉండాలి. ఆ పైన నోటీసు ఇచ్చి, అది ఆఫీసు గోడ మీద అందరికీ కనబడుతుండగా ఇంకో 30 రోజులు ఆగాలి. పెళ్ళి రోజున సంతకం చేయడానికి ముగ్గురు సాక్షులు రావాలి.

కొత్త ఊళ్ళో రెండు నెలలు తలదాచుకోవడానికి ఒక ఇల్లు, వెంట నిలబడే మనుషులు ముగ్గురు. వయసు నిండేదాకా ఆగినా, ఆ సాయంత్రం ఊరు దాటిన ఇద్దరికీ లేనివి అవే. అమ్మ అడిగిందీ అదే.