పదహారో చానెల్ మీద మాట మర్యాద

మైకు మీద మీట నొక్కాక ఒక్క క్షణం ఆగాలి. ఆ తర్వాతే నోరు తెరవాలి. ఆగకపోతే మొదటి అక్షరం గాలికి పోతుంది. మా పడవ పేరు గంగమ్మ. నేర్చుకునే రోజుల్లో నేను ఆత్రంగా అరిచిన ప్రతిసారీ అవతలివాళ్లకు ‘గమ్మ’ అనే వినబడేది. గమ్మనుండమంటున్నట్టుంది అని మా ఆవిడ ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది.

నాకు రేడియో నేర్పింది అన్నాపొలిస్‌లో ఒక ముసలి సరంగు. చాలా ఏళ్లు టగ్గుబోట్ల మీద పనిచేసి, చివరికి చెసపీక్ అఖాతం ఒడ్డున చిన్న తెరచాప పడవ పెట్టుకుని స్థిరపడ్డాడు. పేరు రాస్తే కోప్పడతాడు, రాయను. ఆయన మైకు పట్టడం చూడాలి. పెదవులకు ఎదురుగా పెట్టుకోడు, బొటనవేలంత దూరంలో కాస్త పక్కకు వాల్చి పట్టుకుంటాడు. అరవడు. సుడిగాలి వీస్తున్నా పంచాంగం చదువుతున్నట్టే ఉంటుంది గొంతు. ముందు అవతలి పడవ పేరు రెండుసార్లు, తర్వాత ‘దిసీజ్’ అని తన పడవ పేరు, చివర ‘ఓవర్’. జవాబు రాగానే “68కి వెళ్దాం” అని ఆ చానెల్‌కు మారిపోతాడు. మొత్తం పదిహేను సెకన్లు. సంగీతంలో పల్లవి ఎత్తుకున్నంత శుభ్రంగా ఉండేది ఆ పని. మీట నొక్కేముందే వాక్యం మనసులో పూర్తి చేసుకోమని నాకు వందసార్లు చెప్పి ఉంటాడు.

ఇంత పద్ధతి ఎందుకంటే, పడవల వీహెచ్‌ఎఫ్ రేడియోలో అందరిదీ ఒకటే దారి. పదహారో చానెల్, అంటే 156.8 మెగాహెర్ట్జ్, ప్రపంచమంతా ఆపదకూ పిలుపుకూ కేటాయించినది. ఒక మనిషి మీట నొక్కి ఉంచినంతసేపూ వినబడే దూరంలో ఉన్న మిగతావాళ్ల నోళ్లు మూతపడ్డట్టే. ఇద్దరు ఒకేసారి నొక్కితే బలమైన గొంతు బలహీనమైన గొంతును మింగేస్తుంది. మునిగిపోతున్నవాడి గొంతు బలహీనంగానే ఉంటుంది కదా! అందుకే ఆ చానెల్ మీద పిలిచి, వెంటనే వేరే చానెల్‌కు జరిగిపోవాలి. అమెరికాలో విహార పడవల కబుర్లకు 68, 69, 71, 72 ఉన్నాయి. ఎత్తే వంతెనలతో, పెద్ద ఓడలతో మాట్లాడడానికి 13 ఉంది. శక్తి 25 వాట్ల దాకా ఉన్నా, పక్కనే లంగరేసుకున్న పడవతో మాట్లాడేటప్పుడు ఒక వాట్‌కు తగ్గించుకోవాలి. పక్కింటివాడిని పిలవడానికి పెళ్లి మైకుసెట్టు పెట్టం కదా.

మాటలకూ మడి ఉంది. ‘ఓవర్’ అంటే నేను ఆపాను, నీ జవాబు కోసం చూస్తున్నాను అని. ‘ఔట్’ అంటే మాట అయిపోయింది, జవాబక్కర్లేదు అని. ఈ రెండిటినీ కలిపి ‘ఓవర్ అండ్ ఔట్’ అనడం సినిమావాళ్లు చేసిన పాపం. భోజనానికి రండి, తలుపేసేస్తున్నాం అన్నట్టుంటుంది. ‘రాజర్’ అంటే విన్నాను అని మాత్రమే, ఒప్పుకున్నాను అని కాదు. అక్షరాలు చెప్పాల్సి వస్తే ఆల్ఫా, బ్రావో వరస ఉంది. మా పడవ పేరు గోల్ఫ్, ఆల్ఫా, నవంబర్, గోల్ఫ్, ఆల్ఫా, మైక్, మైక్, ఆల్ఫా. ఇలా చెప్పడం మొదలుపెట్టిన రోజు నుంచి వంతెన కాపలాదారు మా గంగమ్మను ‘గ్యాంగ్ మామా’ అనడం మానేశాడు. తొమ్మిదిని ‘నైనర్’ అనాలి, హోరులో నైన్, ఫైవ్ ఒకేలా వినబడతాయి కాబట్టి.

చరిత్ర నేను విస్తరించను. ప్రాణాపాయంలో వేసే ‘మేడే’ అన్న పిలుపు 1920లలో లండన్ దగ్గరి క్రాయిడన్ విమానాశ్రయంలో పుట్టింది. పారిస్ వైపు విమానాలు ఎక్కువగా తిరిగేవి కాబట్టి, ఫ్రెంచివాళ్లకూ తెలిసేలా, సాయం చెయ్యండి అనే వాళ్ల మాటకు దగ్గరగా దాన్ని కట్టింది ఫ్రెడరిక్ మాక్‌ఫర్డ్ అనే రేడియో అధికారి. 1927లో అది అంతర్జాతీయ పిలుపైంది. ప్రాణం మీదికి రాలేదుగాని సాయం కావాలంటే ‘పాన్ పాన్’, నీటిలో దుంగ తేలుతోందనో గాలివాన వస్తోందనో హెచ్చరించాలంటే ‘సెక్యూరితే’. పాతకాలం ఓడల రేడియో గదుల్లో గోడగడియారాలకు ఎర్రరంగు, ఆకుపచ్చ రంగు ముక్కలు ఉండేవి. గంటలో ఆ నిమిషాలు రాగానే సముద్రం మీద అందరూ మాట ఆపి, ఎక్కడైనా సన్నని కేక ఉందేమోనని వినేవారు. మూడు నిమిషాల మౌనం. ఇంత అందమైన ఆచారం ఇంకే వృత్తిలోనైనా ఉందా? 1999లో కొత్త ఉపగ్రహ పద్ధతి పూర్తిగా అమలయ్యాక అది పోయింది. నాకు ఆ కోపం ఇంకా తీరలేదు.

మేడే విన్నప్పుడు చేయాల్సింది కూడా మౌనమే. పెన్సిలు తీసి పడవ పేరు, ఉన్నచోటు, ఏం జరిగింది, ఎంతమంది ఉన్నారు అన్నవి రాసుకోవాలి. తీరరక్షక దళం జవాబిచ్చేదాకా ఆగాలి. ఎవరూ పలకకపోతే అప్పుడు మనం ‘మేడే రిలే’ అని ఆ కేకను ముందుకు అందించాలి. కేక వేసేవాడికి కూడా వరస ఉంది. ‘మేడే’ మూడుసార్లు, పడవ పేరు మూడుసార్లు, ఆ వెంటనే ఉన్న చోటు. బ్యాటరీలోకి నీళ్లు చేరి రేడియో ఏ క్షణాన చచ్చిపోతుందో తెలియదు కాబట్టి, కష్టం కంటే ముందు చోటు చెప్పాలి. భయంలో మనిషి సహజంగా చేసేదానికి ఇది సరిగ్గా ఎదురు.

ఇక ఉద్దండుల మాట. ఈ విషయంలో నేను పొగడ్తలు దాచుకోను.

కెనడాలో బర్లింగ్టన్ అనే ఊళ్లో ఇంట్లో కూర్చుని హెర్బ్ హిల్గెన్‌బర్గ్ ఏళ్ల తరబడి రోజూ అట్లాంటిక్ మీద ఉన్న చిన్న పడవలకు వాతావరణం చెప్పాడు. పైసా పుచ్చుకోలేదు. పొడుగు దూరాల రేడియోలో 12359 కిలోహెర్ట్జ్ దగ్గర ఆయన గొంతు కోసం పడవలు వరసలో ఎదురుచూసేవి. ముందు నువ్వున్న చోట గాలి ఎంత, అల ఎంత, ఆకాశం ఎలా ఉందో చెప్పాలి. అది విన్నాకే రేపటి సంగతి, ఎల్లుండి సంగతి, ఏ దిక్కుకు తిరగాలో చెప్పేవాడు. ముందువాడికి చెప్పింది వినకుండా మళ్లీ అదే అడిగినవాడిని గద్దించేవాడు. గద్దింపులు తిన్నవాళ్లే ఆయనను ఎక్కువ తలుచుకుంటారు. 2013లో విరమించాడు. ఆయన ఖాళీ చేసిన కుర్చీ ఖాళీగానే ఉంది అంటాను నేను. కాదనేవాళ్లతో వాదించడానికి సిద్ధం.

న్యూజిలాండ్‌లో కెరికెరి రేడియో నడిపిన జాన్, మారీన్ కల్లెన్ దంపతులు ఇంకో ఎత్తు. 1994 జూన్‌లో న్యూజిలాండ్‌కూ టోంగాకూ మధ్య తుపాను విరుచుకుపడినప్పుడు నడిసముద్రంలో నలిగిన పడవలకు వాళ్ల గొంతులే ఊతకర్రలయ్యాయి.

1998 సిడ్నీ-హోబార్ట్ తెరచాప పడవల పందెం గురించి అయితే ఒక పుస్తకమే రాయవచ్చు. 115 పడవలు బయల్దేరాయి, 44 చేరాయి, ఆరుగురు పోయారు, 55 మందిని రక్షించారు. అప్పట్లో ఆ పందెంలో పడవలన్నీ నిర్ణీత వేళకు తామున్న చోటు మాత్రమే రేడియోలో చెప్పాల్సి ఉండేది. ఎదుటివాడికి ఉపయోగపడే వాతావరణ కబురు చెప్పకపోవడమే ఆనవాయితీ. డిసెంబరు 27 మధ్యాహ్నం ‘సోర్డ్ ఆఫ్ ఒరాయన్’ పడవ ఆ ఆనవాయితీని పక్కన పెట్టి, ఇక్కడ గాలి ముందుగా చెప్పిన దానికంటే చాలా తీవ్రంగా ఉందని హెచ్చరించింది. ‘యంగ్ ఎండెవర్’ ఓడ మీద రేడియో చూస్తున్న లూ కార్టర్ ఏం చేశాడు? నిబంధనల పుస్తకం తిరగెయ్యలేదు. ఇక నుంచి ప్రతి పడవా తనకు తగిలిన గాలి ఎంతో చెప్పమని అడిగాడు. అది విని కొందరు వెనక్కి తిరిగారు. హెచ్చరించిన పడవే తర్వాత బోల్తా కొట్టి గ్లిన్ చార్ల్స్ అనే నావికుడిని పోగొట్టుకుంది. ఆ పందెం తర్వాత 40 నాట్లు దాటిన గాలి తగిలితే చెప్పితీరాలన్నది నిబంధనగా మారింది. మర్యాద ఎప్పుడు పాటించాలో తెలిసినవాడికే దాన్ని ఎప్పుడు దాటాలో తెలుస్తుందని నేను లూ కార్టర్‌ను చూసి నమ్మాను.

చేతిలో పట్టే బుల్లి రేడియో చేసిన ఘనత చెప్పకపోతే పాపం తగులుతుంది. 2022 నవంబరులో, ఒక్కొక్కరే పడవ మీద భూమిని చుట్టే గోల్డెన్ గ్లోబ్ పందెంలో తాపియో లేహ్తినెన్ పడవ మునిగిపోయి ఆయన లైఫ్‌రాఫ్ట్‌లో మిగిలాడు. తోటి పందెగత్తె కిర్‌స్టన్ నాయ్‌షాఫర్ ఒంటరిగా తన పడవను తిప్పుకుని వచ్చింది. అలల మధ్య ఆమెకు తెప్ప కనబడలేదు. ఆయనకు మాత్రం ఆమె తెరచాప కనబడింది. చేతిలో వీహెచ్‌ఎఫ్ ఉంది కాబట్టి దారి చెప్పి తన దగ్గరికి రప్పించుకున్నాడు. తర్వాత ఆయన్ని ‘దర్యా గాయత్రి’ అనే సరుకు ఓడ ఎక్కించుకుంది. ఆ పందెం గెలిచింది కిర్‌స్టనే.

అన్నీ గాలివాన కథలే అనుకునేరు. మెక్సికోలో లా పాజ్ లాంటి రేవుల్లో పొద్దున్నే రేడియోలో జరిగే సభ, ‘నెట్’ వింటే నవ్వాపుకోలేరు. ఒక వ్యక్తి నిర్వాహకుడిగా కూర్చుంటాడు. ముందు అత్యవసరాలు ఏమైనా ఉన్నాయా అని అడిగి, ఎవరూ పలకకపోతేనే ముందుకు సాగుతాడు. తర్వాత కొత్తగా వచ్చినవాళ్లు, వెళ్లిపోయేవాళ్లు, వాతావరణం, పోటు పాట్లు. చివర ఇచ్చిపుచ్చుకోవడాలు. దిగుమతి సుంకాల చట్టం వల్ల పడవవాళ్లు అక్కడ సరుకు అమ్మకూడదు. అందుకని పాత లంగరుకు ఇన్ని కొబ్బరికాయలు అని ధర చెబుతారు. డాలరు పేరు ఎవరూ ఎత్తరు. ఊళ్లో రచ్చబండ దగ్గర పొద్దున్నే జరిగే ముచ్చట ఇది.

ఈ రచ్చబండకే ఇప్పుడు కాలం చెల్లుతోంది. 2022 తర్వాత స్టార్‌లింక్ ఉపగ్రహ ఇంటర్నెట్ పళ్లెం పడవల మీదికి ఎక్కింది. వాట్సాప్ గ్రూపు ఉండగా రేడియో ఎందుకంటారు. అయ్యా, వాట్సాప్‌లో మీకు తెలిసినవాళ్లే ఉంటారు. మీ పడవ రాయి ఎక్కినప్పుడు అర మైలు దూరంలో ఉండేది మీకు తెలియనివాడు. వాడి నంబరు మీ దగ్గర లేదు. పదహారో చానెల్ మీద మాత్రం వాడు వింటాడు, అదీ రేడియో పెట్టుకుంటేనే. రేడియో పెట్టుకున్నవాడు పదహారు వినడం అమెరికాలో నియమమే. ఆచరణలో? వేసవి శనివారాల్లో చెసపీక్ మీద వినండి. తమ రేడియో పలుకుతోందో లేదో చూసుకోవడానికి “రేడియో చెక్, రేడియో చెక్” అని పొద్దస్తమానం అరుపులే. దానికోసం సీ టో సంస్థ యంత్రంతో పలికే చానెళ్లు వేరే పెట్టింది, అవీ ఉచితం. అయినా పదహారు మీదనే అరుస్తారు. పిల్లల చేతికి మైకిచ్చి పాటలు పాడిస్తారు. దొంగ మేడే పెట్టినవాడికి జైలు, జరిమానా ఉన్నాయి, కేక ఏ దిక్కు నుంచి వచ్చిందో పట్టే రెస్క్యూ 21 టవర్లూ ఉన్నాయి. భయం మాత్రం లేదు.

బ్రిటన్‌లో వీహెచ్‌ఎఫ్ ముట్టుకోవాలంటే ఒక రోజు పాఠం విని, పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. అమెరికాలో విహార పడవకు అదీ లేదు, దుకాణంలో కొనుక్కుని మాట్లాడేయడమే. ఈ విషయంలో నేను బ్రిటిష్ పక్షం. ఇక్కడి మిత్రులు నన్ను ఛాందసుడంటారు. అననివ్వండి.

నేనేమీ పుణ్యాత్ముణ్ణి కాదు. మూడేళ్ల కిందట తెలియక మైకు మీద కూర్చున్నాను. మీట నొక్కుకుపోయింది. పులిహోరలో ఇంగువ ఎంత ఉండాలన్న విషయమై మా ఆవిడకూ నాకూ జరిగిన వాదం అఖాతమంతా విన్నది. ఐదు నిమిషాలకు రేడియో తానే కట్ చేసింది కాబట్టి బతికాను. ఆ ఐదు నిమిషాల్లో ఎవరైనా మేడే అని ఉంటే? ఆ రాత్రి నిద్రపట్టలేదు. మర్నాడే మైకుకు కొక్కెం బిగించాను.

మనవాళ్లకు ఈ విద్య కొత్తేమీ కాదు. 2004 డిసెంబరులో హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున అండమాన్ వెళ్లిన భారతీ ప్రసాద్, సునామీ వచ్చాక తన అమెచ్యూర్ రేడియోతోనే దీవుల క్షేమ సమాచారం బయటికి చేరవేశారు. 2017 సెప్టెంబరు నుంచి 2018 మే దాకా ఐఎన్‌ఎస్‌వీ తారిణి మీద భూమిని చుట్టివచ్చిన ఆరుగురు నౌకాదళ మహిళల్లో విశాఖ స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారు. ప్రతి రేవు ముంగిటా వాళ్లు ముందు పలకాల్సింది రేడియోలోనే.

చెసపీక్ మీదా, టెక్సాస్ చెరువుల మీదా పడవలు కొంటున్న మనవాళ్లకు నా విన్నపం ఒక్కటే. పడవ కట్టు విప్పకముందే పదహారు పెట్టుకోండి, ఒక నిమిషం విని, ఆ తర్వాతే మాట్లాడండి. సాధన కావాలంటే శనివారం సాయంత్రాలు అన్నాపొలిస్ బయట మా గంగమ్మ లంగరేసుకుని ఉంటుంది. పదహారు మీద పిలవండి, 68కి వెళ్దాం. ఇంగువ సంగతి మాత్రం ఎత్తకండి.