అరుదైన ఘటనల అనుకరణ: విభజన పద్ధతిపై విమర్శ

సంభావ్యత పదిలక్షల్లో ఒకటిగా ఉన్న ఘటనను సాధారణ మాంటీకార్లో పద్ధతిలో 10 శాతం సాపేక్ష ప్రామాణిక దోషంతో అంచనా వేయాలంటే సుమారు 10 కోట్ల యత్నాలు కావాలి. ఈ భారాన్ని తగ్గించేదే 1951లో కాన్, హారిస్‌లు కణప్రసార సమస్యకు వివరించిన విభజన పద్ధతి. లక్ష్యానికి ముందు మజిలీలు ఏర్పరచి, మజిలీ చేరిన ప్రతి పథాన్ని అనేక ప్రతులుగా కొనసాగిస్తారు. ఒక్కొక్కటి 1/10 సంభావ్యత గల ఆరు మజిలీల లబ్ధమే మనకు కావలసిన విలువ.

అయితే ఒక లోపాన్ని మీరు గమనించాలి. ఘటనకు రెండు దారులుండి, మజిలీలు ఒకదానికే అనువుగా ఉంటే, రెండోది నమూనాలోకి రాకపోవచ్చు. అప్పుడు అంచనా చాలాసార్లు తక్కువగా వస్తుంది. లెక్కించిన విస్తృతి కూడా చిన్నదిగానే కనిపించి తప్పును కప్పిపుచ్చుతుంది. ఆనకట్ట భద్రతను ఇలా లెక్కిస్తే నష్టపోయేవి దిగువ ఊళ్లు. కనుక మజిలీలను మార్చి మళ్లీ లెక్కించండి. ఫలితాలు పొసగకపోతే ఆ అంచనాను నమ్మకండి.